ఒక వకీలు స్మారకం ఎందుకు కట్టించారు?

గత సంచికలో మరణశిక్ష మీద ప్రచురించిన వ్యాసంలో అమెరికన్ న్యాయవాది బ్రయాన్ స్టీవెన్‌సన్ పేరు ఒకే ఒక్క వాక్యంలో వచ్చింది. ఆ వాక్యం మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. ఒకే విషయాన్ని అడిగినవాటిని కలిపి, ఐదు ప్రశ్నలుగా చేసి ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: స్టీవెన్‌సన్ ఎవరు? మరణశిక్ష పడిన పేదల కేసులు వాదించడం ఒక వృత్తిగా సాగుతుందా, లేక అది వేరే ఆదాయం ఉన్నవాళ్లు చేసే సేవా? (న్యాయశాస్త్ర విద్యార్థిని, విజయవాడ)

జవాబు: స్టీవెన్‌సన్ 1959లో డెలావేర్ రాష్ట్రంలోని మిల్టన్ అనే చిన్న ఊరిలో పుట్టారు. ఆయన అమ్మమ్మ తల్లిదండ్రులు వర్జీనియాలో బానిసలుగా బతికినవారు. ఆయన చదువు నల్లజాతి పిల్లలకు విడిగా పెట్టిన బడిలో మొదలైంది. బడులలో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పినా, ఆ తీర్పు ఆయన ఊరి దాకా రావడానికి ఏళ్లు పట్టింది. అది కూడా న్యాయవాదులు వచ్చి గట్టిగా అడిగిన తరువాతే తలుపులు తెరుచుకున్నాయి. న్యాయవాది అంటే ఏం చేయగలడో తనకు మొదట తెలిసింది అక్కడే అని ఆయన చాలాసార్లు చెప్పారు.

హార్వర్డ్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న రోజుల్లో మాత్రం ఆయనకు ఆ చదువు మీద పెద్దగా మనసు నిలవలేదు. 1983లో అట్లాంటాలో, దక్షిణాది ఖైదీల తరఫున వాదించే ఒక చిన్న సంస్థలో కొన్ని వారాలు పనిచేయడానికి వెళ్లారు. అక్కడ ఆయనకు అప్పగించిన మొదటి పని చాలా చిన్నది: జార్జియా జైలులో మరణశిక్ష ఖైదీలను ఉంచే డెత్ రోకు వెళ్లి, ఇంతవరకూ వకీలు అనేవాడి ముఖం చూడని ఒక ఖైదీకి, ఈ ఏడాదిలో నీకు శిక్ష అమలు కాదు అని చెప్పి రావడం. చెప్పడానికి తన దగ్గర ఇంతకన్నా ఏమీ లేదే అని ఈ విద్యార్థి సిగ్గుపడుతూ వెళ్లారు. ఆ ఖైదీ మాత్రం ఆ మాట విని ఆయన చేతులు పట్టుకున్నాడు, ఎందుకంటే తనను చూడడానికి వచ్చిన రోజే శిక్ష అమలు తేదీ ఖరారవుతుందేమోనన్న భయంతో అతను అప్పటిదాకా భార్యాపిల్లలను రావద్దన్నాడు, ఇక రమ్మనవచ్చు. ఇద్దరూ మూడు గంటలు మాట్లాడుకున్నారు. స్టీవెన్‌సన్ తన జీవితం మలుపు తిరిగింది ఆ మూడు గంటల్లోనేనని చెబుతారు. చదువు పూర్తికాగానే, 1985లో, అదే సంస్థలో చేరి, మొదటి ఏడాదిన్నర పాటు దాని అధిపతి ఇంట్లో సోఫా మీద పడుకుంటూ పనిచేశారు.

మీ రెండవ ప్రశ్నకు సూటి జవాబు: వృత్తిగా సాగుతుంది, కానీ ఫీజుల మీద కాదు. 1989లో ఆయన అలబామా రాజధాని మాంట్‌గోమరీలో ఇప్పుడు ఈక్వల్ జస్టిస్ ఇనీషియేటివ్ అనే పేరుతో నడుస్తున్న సంస్థను స్థాపించారు. మరణశిక్ష ఖైదీలకు న్యాయ సహాయం చేసే అలాంటి కేంద్రాలకు ఇచ్చే నిధులను 1995లో అమెరికన్ కాంగ్రెస్ నిలిపివేసింది. అదే ఏడాది ఆయనకు మెకార్థర్ ఫౌండేషన్ వారి ఫెలోషిప్ వచ్చింది. ఎలా ఖర్చు పెట్టుకున్నా అడిగేవారు లేని ఆ సొమ్మును ఆయన సంస్థకే ఇచ్చేశారు. 1998 నుంచి న్యూయార్క్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నారు. విరాళాలు, గ్రాంట్లు, అధ్యాపక వృత్తి: ఈ మూడింటి మీద బండి నడిచింది. ఈ దారిలోకి రావాలనుకునే విద్యార్థులు ముందు నిధుల దరఖాస్తు రాయడం నేర్చుకోవాలని మేము అంటే వెటకారంగా తీసుకోకండి.

ప్రశ్న: హంతకుల పక్షాన ఇంతగా నిలబడేవారికి, చనిపోయినవారి కుటుంబాల బాధ పట్టదా? తమ ఇంట్లో జరిగితే ఇలాగే మాట్లాడతారా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి)

జవాబు: వారి ఇంట్లో జరిగింది. స్టీవెన్‌సన్‌కు పదహారేళ్ల వయసులో, ఫిలడెల్ఫియాలో ఆయన తాతగారిని దొంగతనానికి వచ్చినవాళ్లు పొడిచి చంపారు. కాబట్టి ఆయనకు ఆ బాధ తెలియదని అనడానికి వీలులేదు.

అయితే మీ ప్రశ్నలో అంతకన్నా కష్టమైన భాగం ఒకటి ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఆయన కక్షిదారులందరూ నిర్దోషులు కారు. 1989లో అలబామా ఎలక్ట్రిక్ కుర్చీలో చంపిన హెర్బర్ట్ రిచర్డ్‌సన్ ఒక బాలిక మరణానికి కారణమైన బాంబు పెట్టినవాడే. అతను వియత్నాం యుద్ధం నుంచి మనసు చెదిరి వచ్చిన సైనికుడు. స్టీవెన్‌సన్ చివరి వారాల్లో ఆ కేసు తీసుకొని, స్టే తేలేక, ఆ రాత్రి అతని పక్కనే ఉన్నారు. అంత చేసిన మనిషి కూడా నేరం జరగలేదని అనలేదు. ఆయన వాదం, మనిషి తాను చేసిన అతి చెడ్డ పని మాత్రమే కాడని. దానితో అందరూ ఏకీభవించాలని లేదు, మాలోనే భేదాభిప్రాయం ఉంది. కానీ ఆయన దీనికి జతచేసే రెండవ ప్రశ్న దాటడం కష్టం: వాడు చావడానికి తగినవాడా అని కాదు, చంపడానికి మనం తగినవాళ్లమా అని ఆయన అడుగుతారు. అంటే, విచారణ జరిపి, సాక్ష్యం తూచి, వకీలును ఇచ్చి, ప్రాణం తీసే అర్హత సంపాదించిన వ్యవస్థ మనకు ఉందా అని. ఆయన పనిచేసిన అలబామా రాష్ట్రంలో ఆ అర్హత ఎంతమాత్రం ఉండేదో కింది ప్రశ్నకు జవాబులో చూడండి.

ప్రశ్న: నేను ముప్పై ఏళ్లుగా సెషన్స్ కోర్టులో క్రిమినల్ కేసులు చేస్తున్నాను. అమెరికాలో జ్యూరీ ఉంది, పన్నెండు మంది ఏకగ్రీవంగా అంటేనే శిక్ష అని విన్నాను. మరి అంత కట్టుదిట్టమైన చోట నిరపరాధికి మరణశిక్ష ఎలా పడుతుంది? (న్యాయవాది, కరీంనగర్)

జవాబు: మీరు విన్నది నేరం రుజువైందా లేదా అన్న మొదటి అంచెకు సంబంధించినది. మరణశిక్ష కేసుల్లో రెండవ అంచె ఉంటుంది: ప్రాణం తీయాలా, జీవితాంతం జైలులో ఉంచాలా అన్నది అక్కడ విడిగా తేలుతుంది. అలబామాలో ఈ రెండవ అంచెలో ఏకగ్రీవం అవసరం లేదు, పదిమంది చాలు. అంతకంటే విచిత్రం, 2017 వరకు అక్కడ జ్యూరీ యావజ్జీవం చాలన్నా న్యాయమూర్తి దానిని తోసిపుచ్చి మరణశిక్ష వేయవచ్చు. ఆ న్యాయమూర్తులు పార్టీ గుర్తు మీద ఓట్లు అడిగి గెలిచినవారు. నేరస్తుల పట్ల మెతకగా ఉన్నాడనే మాట ఎన్నికల సమయంలో ఎంత నష్టం చేస్తుందో మన రాజకీయాలు తెలిసిన మీకు చెప్పనక్కరలేదు.

దీనికి వకీళ్ల పరిస్థితిని కలపండి. పేద ముద్దాయికి కోర్టు నియమించే వకీలుకు, కోర్టు బయట చేసే సిద్ధతకంతటికీ వెయ్యి డాలర్ల గరిష్ఠ పరిమితి చాలాకాలం ఉండేది. సాక్షులను వెతకడం, కాగితాలు చదవడం, నిపుణులను కలవడం, అన్నీ అందులోనే. అప్పీలు ముగిసిన తరువాత, కొత్త సాక్ష్యాలు చూపడానికి వీలున్న దశలో, ఖైదీలకు న్యాయ సహాయం అందించే శాశ్వత ఏర్పాటేదీ ఆ రాష్ట్రం ప్రభుత్వ ఖర్చుతో పెట్టలేదు. మన దేశంలో సెషన్స్ కోర్టు వేసిన మరణశిక్ష హైకోర్టు ధ్రువీకరించనిదే అమలు కాదు. ముద్దాయికి వకీలు లేకపోతే రాజ్యం ఇవ్వాలి. ఆచరణలో ఆ వకీలు ఎంత సిద్ధమై వస్తాడన్నది మీకే ఎక్కువ తెలుసు.

వాల్టర్ మెక్‌మిలియన్ కేసు చూస్తే ఈ సంగతులు ఎలా కలిసి పనిచేస్తాయో తెలుస్తుంది. ఆయన అలబామాలోని మన్రోవిల్ దగ్గర కలప కొట్టి బతికే నల్లజాతి మనిషి. ఒక శ్వేతజాతి స్త్రీతో ఆయనకున్న సంబంధం ఊరిలో అప్పటికే గుసగుసలకు కారణమైంది. 1986 నవంబర్ 1న ఆ ఊరి డ్రైక్లీనింగ్ దుకాణంలో పద్దెనిమిదేళ్ల శ్వేతజాతి యువతి హత్యకు గురైంది. నెలలు గడిచినా పోలీసులకు ఎవరూ దొరకలేదు. చివరికి, మరొక హత్య కేసులో ఇరుక్కున్న రాల్ఫ్ మయర్స్ అనే వ్యక్తి చెప్పిన మాట మీద 1987 జూన్‌లో మెక్‌మిలియన్‌ను పట్టుకున్నారు. హత్య జరిగిన వేళకు ఆయన ఇంటి దగ్గర చేపలు వేయించి అమ్ముతూ చర్చి కోసం డబ్బు పోగుచేస్తున్న కార్యక్రమంలో ఉన్నాడని చెప్పగలవారు పదుల సంఖ్యలో ఉన్నారు. వాళ్లంతా నల్లవారు. ఆయనను విచారణకు ముందే, అంటే చట్టం కళ్లకు ఇంకా నిర్దోషిగా ఉండగానే, తీసుకువెళ్లి మరణశిక్ష ఖైదీల మధ్య ఉంచారు. ముప్పై ఏళ్ల ప్రాక్టీసులో మీరు ఇటువంటిది చూసి ఉండరు.

విచారణ 1988 ఆగస్టులో ఒకటిన్నర రోజుల్లో ముగిసింది. కేసును వేరే జిల్లాకు మార్చడం వల్ల జ్యూరీలో పదకొండు మంది శ్వేతజాతివారు, ఒక్కరు నల్లజాతివారు. నేరం రుజువైందన్నారు గాని, శిక్ష దగ్గరికి వచ్చేసరికి ఏడుగురు యావజ్జీవం చాలన్నారు. న్యాయమూర్తి దానిని పక్కన పెట్టి మరణశిక్ష వేశారు. ఆయన పేరు రాబర్ట్ ఇ. లీ కీ, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి విడిపోయిన దక్షిణాది సైన్యాన్ని నడిపిన సేనాని పేరును తల్లిదండ్రులు ఆయనకు పెట్టారు. కేసు తీసుకోవద్దని ఆయనే స్టీవెన్‌సన్‌కు ఫోను చేశారు కూడా.

స్టీవెన్‌సన్ చేసిన పనిని సినిమా కళ్లతో చూస్తే కోర్టులో గర్జించిన వకీలు కనిపిస్తాడు. కేసును తిప్పింది మాత్రం ఓపికగా కాగితాలు తిరగేయడమే. హత్యాస్థలం దగ్గర మెక్‌మిలియన్ ట్రక్కును చూశానన్న సాక్షి, అది నేలకు ఆనేంత కిందికి దించిన ట్రక్కు అని చెప్పాడు. మెక్‌మిలియన్ తన ట్రక్కును అలా మార్పించుకున్నది హత్య జరిగిన కొన్ని నెలల తరువాత. ప్రధాన సాక్షి మయర్స్ తాను అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాడు. పోలీసులు అతని వాంగ్మూలం రికార్డు చేసిన టేపులో, తనకు తెలియని హత్యను తెలియని మనిషి మీద వేయమంటున్నారని అతను గొణుక్కున్నది కూడా దొరికింది. ఆ టేపు ముద్దాయి తరఫువారికి ఎప్పుడూ ఇవ్వలేదు. 1993 ఫిబ్రవరిలో పై కోర్టు శిక్షను రద్దు చేసింది. మార్చి 2న, ఆరేళ్ల తరువాత, ఆయన బయటికి వచ్చారు. పరిహారం కోసం వేసిన దావాలో, షెరీఫ్ (జిల్లాలో ఓట్లతో ఎన్నికయ్యే పోలీసు అధిపతి) చేసినదానికి జిల్లా బాధ్యురాలు కాదని సుప్రీంకోర్టు 1997లో ఐదుగురికి నలుగురి తేడాతో చెప్పింది. ఆ షెరీఫ్‌ను అక్కడి ఓటర్లు ఆ తరువాత కూడా ఎన్నుకుంటూనే వచ్చారు.

వకీలు ఫీజు సంగతికి ఆంథోనీ రే హింటన్ కేసు చాలు. బర్మింగ్‌హామ్ దగ్గర జరిగిన రెండు హత్యల్లో ఆయన మీద ఉన్న సాక్ష్యమంతా వాళ్ల అమ్మగారి రివాల్వర్ నుంచే గుళ్లు వచ్చాయన్న పోలిక ఒక్కటే. దానిని ఖండించాలంటే మంచి నిపుణుడు కావాలి. అందుకు వెయ్యి డాలర్లకు మించి ఇవ్వరని ఆయన వకీలు అనుకున్నాడు, చట్టం అప్పటికే మారి ఆ పరిమితి పోయిందని అతనికి తెలియదు. ఆ సొమ్ముకు దొరికినవాడు ఒక కన్ను కనిపించని ఒక సివిల్ ఇంజనీరు. ప్రాసిక్యూటర్ అతన్ని బోనులో ఒక ఆట ఆడించాడు. స్టీవెన్‌సన్ తరువాత దేశంలోనే పేరున్న నిపుణులతో పరీక్షలు చేయించి గుళ్లు ఆ తుపాకీవని చెప్పలేమని చూపించినా, రాష్ట్రం పన్నెండేళ్లు పట్టుబట్టింది. 2014లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ వకీలు పని నాసిరకమని తేల్చిన తరువాత, 2015 ఏప్రిల్ 3న హింటన్ విడుదలయ్యారు. లోపల గడిపినది దాదాపు ముప్పై ఏళ్లు. చట్టంలో వచ్చిన ఒక సవరణను వకీలు చదవకపోవడం ఆ ముప్పై ఏళ్లలో ఎంత భాగమో లెక్క వేయడం మా వల్ల కాదు.

ప్రశ్న: మన దగ్గర జాతి సమస్య లేదు కదా, మనకు ఈ కథలతో ఏం పని? (పాఠకుడు, నరసరావుపేట)

జవాబు: మీ పొరుగు ఊరి కథే చెబుతాము. 1993 మార్చిలో చిలకలూరిపేట దగ్గర బస్సు దహనంలో 23 మంది చనిపోయారు. బస్సులో దోపిడీకి పూనుకొని ఆ ఘోరానికి కారణమైన ఇద్దరు యువకులు, చలపతిరావు, విజయవర్ధనరావు, పేద దళిత కుటుంబాలవారు. వాళ్లకు పడిన ఉరిశిక్షను సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. ఉరికి తేదీ నిర్ణయమైన తరువాత పౌరహక్కుల కార్యకర్తలు, న్యాయవాదులు చేసిన ప్రయత్నంతో అది ఆగింది. చివరకు రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ దానిని యావజ్జీవంగా మార్చారు. చనిపోయినవారి కుటుంబాల దుఃఖం ఆ నిర్ణయంతో తీరలేదన్నది కూడా నిజం. అంతకు ముందు, ఎమర్జెన్సీ కాలంలో, 1975 డిసెంబర్ 1న నక్సలైటు ఉద్యమకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసినప్పుడు, వారికోసం కోర్టుల చుట్టూ తిరిగిన న్యాయవాదుల్లో కె.జి. కన్నబిరాన్ ఒకరు. ఢిల్లీలోని నేషనల్ లా యూనివర్సిటీ 2016లో వెలువరించిన నివేదిక ప్రకారం మన దేశంలో మరణశిక్ష పడిన ఖైదీల్లో నూటికి 74 మంది ఆర్థికంగా దుర్బలులు. జాతి అనే మాట తీసేసి చదివినా ప్రశ్న అలాగే ఉంటుందని మా అభిప్రాయం.

ప్రశ్న: మాంట్‌గోమరీ వెళ్లినప్పుడు స్టీవెన్‌సన్ సంస్థ కట్టించిన స్మారకం చూశాను. చాలా కదిలించింది. కానీ ఒక వకీలు కోర్టులు వదిలి ఇటువైపు ఎందుకు వచ్చాడు? విసిగిపోయాడా? (తెలుగు పాఠకురాలు, న్యూజెర్సీ)

జవాబు: కోర్టులు వదలలేదు. నేరం చేసినప్పుడు పద్దెనిమిది నిండనివారికి, మరో ఆలోచన లేకుండా, విడుదలకు వీలులేని యావజ్జీవం తప్పనిసరిగా వేసే చట్టాలు చెల్లవని 2012లో సుప్రీంకోర్టు చేత అనిపించిన వాదన ఆయనదే. పద్నాలుగేళ్ల ఇద్దరు పిల్లల కేసులు అవి. నాలుగేళ్ల తరువాత ఆ తీర్పు పాత శిక్షలకూ వర్తించడంతో, రెండువేల మందికి పైగా ఖైదీలకు తమ శిక్షను మళ్లీ పరిశీలించమని అడిగే హక్కు వచ్చింది. మతిమరుపు వ్యాధితో తాను చేసిన నేరమే గుర్తులేని వెర్నన్ మాడిసన్ పక్షాన కూడా ఆయనే వాదించారు. శిక్ష ఎందుకో అర్థం చేసుకోలేని మనిషిని చంపరాదన్న నియమం మతిమరుపు వ్యాధికీ వర్తిస్తుందని 2019లో కోర్టు చెప్పింది. అలబామాలో ఆయన సంస్థ ఇప్పటివరకు నూట నలభై మందికి పైగా మరణశిక్ష ఖైదీలకు శిక్ష రద్దో, తగ్గింపో, విడుదలో సాధించింది. అన్నీ గెలుపులే కావు: 2021లో జోన్స్ కేసులో సుప్రీంకోర్టు 2012 తీర్పు వేడిని బాగా చల్లార్చింది. 2024లో అలబామా ముఖానికి మాస్కు తొడిగి నైట్రోజన్ వాయువు పీల్పించి ఒక ఖైదీని చంపింది. అలాంటి శిక్ష ఆ దేశంలో అదే మొదటిది.

ఇక మీ ప్రశ్నకు వస్తే, జవాబు 1987లో ఉంది, ఆయన వృత్తిలోకి వచ్చి రెండేళ్లు కూడా నిండని కాలంలో. జార్జియాలో మరణశిక్ష పడిన వారెన్ మెక్‌క్లెస్కీ అనే నల్లజాతి ఖైదీ తరఫున సుప్రీంకోర్టు ముందు ఒక పరిశోధన పెట్టారు. డేవిడ్ బాల్డస్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు ఆ రాష్ట్రంలోని రెండువేలకు పైగా హత్య కేసులను పరిశీలించి, చనిపోయింది శ్వేతజాతివారైతే ముద్దాయికి మరణశిక్ష పడే అవకాశం, నల్లవారు చనిపోయినప్పటికన్నా నాలుగు రెట్లకు పైగా ఎక్కువని తేల్చారు. కోర్టు ఆ లెక్కలను కొట్టిపారేయలేదు, నిజమనే అనుకుని వాదన విన్నది. అయినా ఐదుగురు న్యాయమూర్తులు, ఈ ఖైదీ విషయంలో వివక్ష ఉద్దేశపూర్వకంగా జరిగిందని చూపితే తప్ప జోక్యం చేసుకోమన్నారు. ఇటువంటి వాదన ఒప్పుకుంటే నేరన్యాయ వ్యవస్థ అంతటినీ ప్రశ్నించాల్సి వస్తుందని మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ పావెల్ అన్నారు. న్యాయం మరీ ఎక్కువైపోతుందేమోనన్న భయం ఇది అని జస్టిస్ బ్రెన్నన్ అసమ్మతి తీర్పులో రాశారు. పదవీ విరమణ చేసిన తరువాత, తన ఓట్లలో ఏదైనా మార్చుకునే వీలుంటే అది ఈ కేసులోదేనని పావెల్ తన జీవితచరిత్రకారుడితో చెప్పారు. అప్పటికి ఆయన ఓటుకు విలువ లేదు. మెక్‌క్లెస్కీని 1991 సెప్టెంబరులో చంపేశారు.

ఆ తీర్పుతో, జాతి ప్రభావాన్ని మొత్తంగా చూపించి శిక్షను ప్రశ్నించే తలుపు మూసుకుపోయింది. ఒక్కొక్క ఖైదీ కేసును ఒక్కొక్కటిగా విప్పడం తప్ప వకీళ్లకు దారి మిగలలేదు. మెక్‌మిలియన్, హింటన్‌ల కేసులు అలా వచ్చినవే. కానీ జ్యూరీలోకి నల్లవారు ఎందుకు రారు, చేపలు వేయించినవాళ్ల మాట ఎందుకు చెల్లదు, చనిపోయినవారి రంగును బట్టి శిక్ష ఎందుకు మారుతుంది అనే ప్రశ్నలు ఒక్క కేసు రికార్డులో దొరకవు. వాటి మూలం అంతకు ముందటి నూరేళ్లలో, కోర్టుల ప్రాంగణాల్లోనే నల్లవారిని చెట్లకు వేలాడదీసి చేసిన మూకహత్యల్లో ఉందని స్టీవెన్‌సన్ వాదం. వినడానికి కోర్టు సిద్ధంగా లేని ఆ వాదాన్నే ఆయన ఆరుబయట ఉక్కుతో వినిపించారని మాకు అనిపిస్తుంది.

మీరు చూసిన స్మారకం 2018 ఏప్రిల్ 26న తెరిచారు. 1877 నుంచి 1950 వరకు జరిగిన, వారి పరిశోధనలో రుజువైన 4,400కు పైగా మూకహత్యల బాధితులకు అది గుర్తు. హత్యలు జరిగిన ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్క ఉక్కు స్తంభం, అలా ఎనిమిది వందలకు పైగా. లోపలికి నడిచేకొద్దీ నేల కిందికి దిగిపోయి స్తంభాలు తలపైన వేలాడతాయి. మీరు బయటికి వచ్చే దారిలో గమనించారో లేదో, వాటికి నకళ్లు వరుసగా నేల మీద పడుకోబెట్టి ఉంటాయి. తమ జిల్లాలో జరిగినదాన్ని ఒప్పుకొని, తమ స్తంభాన్ని తీసుకువెళ్లి తమ ఊరిలో నిలబెట్టమని ఆ జిల్లాలవారిని అడుగుతూ వాటిని అక్కడ ఉంచారు.